జేబులోకి దిగిన తుపాకి

బర్గూరు బజారులో దుడ్ల సంచి చంకన పెట్టుకుని పొద్దుపోయాక ఇంటికి నడిచిన వ్యాపారి ఎవరికైనా, ఒక్కసారైనా, జేబులో చిన్న పిస్తోలు ఒకటుంటే బాగుండునని అనిపించే ఉంటుంది. ఈరోడు జిల్లా కొండల్లో ఇంకో బర్గూరు ఉంది, అక్కడి ఆవులకు పేరు. నేను చెప్పేది ఆ ఊరు కాదు. బెంగళూరు నుంచి చెన్నై పోయే దారిలో కృష్ణగిరి దాటాక వచ్చే బర్గూరు. సూరత్ చీరలు టోకున తెచ్చి అమ్మి ‘కుట్టి సూరత్’ అనిపించుకున్న ఊరు. 1991లో జయలలితను శాసనసభకు పంపి, 1996లో ఆమెనే ఓడించిన నియోజకవర్గం. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, సరుకు కొనేటప్పుడు హిందీ నడిచే చోటు.

ఇలాంటి ఊళ్లో చిన్న తుపాకి మాట వచ్చిందంటే అది రెండు ప్రశ్నల దగ్గర ఆగుతుంది. లైసెన్సు ఇస్తారా? ధర ఎంత? మూడో ప్రశ్న ఎవరూ అడగరు. అరచేతిలో ఇమిడే ఆ వస్తువును అంత చిన్నది చేయడానికి చేసినవాళ్లు ఏం వదులుకున్నారు? ఆ మూడో ప్రశ్నకు జవాబు కావాలంటే అయిదు వందల ఏళ్లు వెనక్కి పోవాలి.

తుపాకి జేబులోకి రావడానికి మొదటి అడ్డం నిప్పు. పాత ఒత్తి తుపాకికి ఒక తాడు ఎప్పుడూ కణకణమంటూ ఉండాలి. మీట నొక్కితే ఆ తాడు కొస వంగి మందును ముట్టిస్తుంది. పెనుగొండను కాపాడినందుకు బారామహల్ సీమను జాగీరుగా పొందిన జగదేవరాయల కాలంలో సిపాయిల చేతుల్లో ఉన్నది ఈ రకమే. బర్గూరు పక్కన జగదేవి ఊరు ఇప్పటికీ ఆయన పేరు మోస్తోంది. మండే తాడును జేబులో పెట్టుకునే మొనగాడు ఏ సీమలోనూ పుట్టలేదు.

ఆ నిప్పును యంత్రంలోకి ఎక్కించినవాళ్లు పదహారో శతాబ్దం మొదట్లో యూరపు పనివాళ్లు. స్ప్రింగుకు బిగించిన చిన్న ఉక్కు చక్రం మీట నొక్కగానే గిర్రున తిరిగి, రాయిని రాసుకుని రవ్వలు రాలుస్తుంది. ముందే మందు కూరి, స్ప్రింగు బిగించి, అంగీ చేతిలో దాచుకోవచ్చు. దాచుకోవచ్చు అనగానే ఏలేవాళ్లకు గుబులు పుట్టింది. 1517లో చక్రవర్తి మాక్సిమిలియన్ తన ఆస్ట్రియా సీమలో వాటిని నిషేధించాడు, మరుసటేడు సామ్రాజ్యమంతటా. దాచే తుపాకి పుట్టి ఇంకా పళ్లు రాకముందే దాని మీద చట్టం వచ్చేసిందన్నమాట. ఆ గుబులు ఉత్తది కాదని తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1584 జులై 10న డెల్ఫ్ట్ నగరంలో డచ్చివాళ్ల నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్‌ను, మనవి చెప్పుకోవడానికి వచ్చినట్టు నటించిన ఒకడు ఆయన ఇంట్లోనే పిస్తోలుతో కాల్చి చంపాడు.

చక్రపు తుపాకి చేయడానికి గడియారాల పనివాడంతటి చెయ్యి కావాలి, అందువల్ల అది దొరల వస్తువుగానే మిగిలింది. తర్వాత వచ్చిన చెకుముకి తుపాకి చవక. మన పక్కనే శ్రీరంగపట్నం కార్ఖానాల్లో టిప్పు సుల్తాను కోసం చేసిన చెకుముకి పిస్తోళ్ల జతలు ఇప్పటికీ ఉన్నాయి. జతలో ఒకటి కుడి చేతికి, ఒకటి ఎడమ చేతికి, అద్దంలో చూసినట్టు తిరగేసి చేసినవి. 1792 సంధిలో టిప్పు బారామహల్‌ను కంపెనీకి వదులుకున్నాడు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ ఈ సీమను ఏలడానికి వచ్చాడు, ఆయన కింద సహాయకుడిగా థామస్ మన్రో వచ్చాడు. తర్వాత రాయలసీమలో ‘మన్రోలప్ప’ అయినవాడు ఈయనే. వాళ్ల నడుముల దగ్గరా జీను సంచుల్లోనూ ఉండిన పిస్తోళ్లు ఈ చెకుముకివే. వాటి రోగం వాన. పళ్లెంలో పోసిన మందు చెమ్మగిల్లితే తుపాకి చేతికర్రతో సమానం. జేబులో పెట్టుకుంటే ఆ మందు రాలిపోతుంది, లేదా సుత్తి గుడ్డకు తగులుకుంటుంది.

ఆ రోగానికి మందు కనిపెట్టినవాడు ఒక పాదిరి. స్కాట్లండులో బెల్‌హెల్వీ అనే పల్లె చర్చి అలెగ్జాండర్ ఫోర్సైత్‌ది. ఆయనకు ఆదివారం ప్రార్థన, మిగతా రోజులు బాతుల వేట, రసాయనాల పిచ్చి. చెకుముకి తుపాకి పేలే ముందు పళ్లెంలో భగ్గున మెరుస్తుంది. ఆ మెరుపు చూసి బాతులు గుండు అందే లోపలే ఎగిరిపోయేవి. కొడితే చాలు తనంతట తాను పేలే రసాయనాన్ని వాడితే మెరుపే ఉండదు కదా అని ఫోర్సైత్ ఆలోచన. లండన్ కోటలో ఆయుధాల శాఖ పెద్ద లార్డ్ మొయిరా ఆయనకు చోటిచ్చి ప్రయోగాలు చేయించాడు. తర్వాత వచ్చిన పెద్ద లార్డ్ చాతమ్ సామాను సర్దుకుని పొమ్మన్నాడు. పాదిరి 1807లో పేటెంటు తీసుకున్నాడు. మరో పదిహేనేళ్లలోపే ఇతరులు ఆ రసాయనాన్ని రాగి టోపీలో నింపి తుపాకికి తొడిగారు. వేలికొసంత రాగి టోపీ, దాని మీద దెబ్బ, లోపల నిప్పు. వానకు చెడదు, జేబులో రాలదు. బాతుల మీది కోపంతో మొదలైన పని మనుషుల జేబుల దాకా వచ్చింది.

ఈ టోపీ వచ్చాక పిస్తోలును నిజంగా జేబులో పెట్టినవాడు అమెరికాలో ఫిలడెల్ఫియా తుపాకుల పనివాడు హెన్రీ డెరింజర్. అరచేతిలో దాగే పొట్టి గొట్టం, లావు గుండు, ఒకే ఒక్క దెబ్బ. ఆ ఒక్క దెబ్బ తప్పితే ఏం చేయాలని కొనేవాళ్లకూ అనుమానమే, అందుకే జతలుగా అమ్మేవాడు. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్ ఫోర్డ్ నాటకశాలలో జాన్ విల్క్స్ బూత్ అధ్యక్షుడు లింకన్ తల వెనుక పెట్టి కాల్చింది ఇలాంటి డెరింజరే. ఆరంగుళాల కంటే పొట్టి, పావు కిలోకు లోపు బరువు. బూత్ దానితో పాటు కత్తి కూడా తెచ్చుకున్నాడు. ఒక్క గుండు అయిపోగానే పిస్తోలు కింద పడేసి, అడ్డం వచ్చిన మేజర్ రాత్‌బోన్‌ను కత్తితో పొడిచాడు. ఆ పిస్తోలు ఇప్పుడు ఆ నాటకశాల మ్యూజియంలోనే ఉంది. ఆత్మరక్షణకని అమ్మిన వస్తువు చరిత్రలోకి ఎక్కింది హత్య వల్ల. ఈ కథలో ఇలా జరగడం ఇదే మొదటిసారి కాదు, ఆఖరుసారీ కాదు.

ఒక్క దెబ్బను ఆరేడు దెబ్బలు చేయడానికి తూటా కావాలి: మందు, గుండు, నిప్పు మూడూ ఒకే లోహపు గుల్లలో. ఇది పారిస్‌లో ఆటగా మొదలైంది. 1845లో లూయీ ఫ్లోబేర్ రాగి టోపీ మూతిలో చిన్న గుండును ఇరికించి, ఇంటి హాల్లో గురి చూసి కొట్టుకునే తుపాకులు చేశాడు. ఆ ఆట తూటా నుంచే నేటి పాయింట్ 22 తూటా పుట్టింది.

ఆ తర్వాతి అడుగులో నాకు బాగా నచ్చిన మనిషి ఒకడున్నాడు, రోలిన్ వైట్. కోల్ట్ రివాల్వర్ల కంపెనీకి పని చేసి పెట్టేవాడు. రివాల్వరులో తిరిగే దుత్తకు వెనుక వైపు మూసి ఉంచడం అప్పటి పద్ధతి. ఒక్కొక్క గదిలో ముందు నుంచి మందు, గుండు కూరాలి. దుత్తను ఆ చివర నుంచి ఈ చివర దాకా తొలిస్తే వెనుక నుంచే తూటా జారవిడవచ్చని వైట్ ఆలోచన. ఇప్పుడు మనకు ఇందులో ఆలోచన ఏముందనిపిస్తుంది. కోల్ట్‌కు అప్పుడే అనిపించింది, పట్టించుకోలేదు. 1855 ఏప్రిల్ 3న వైట్ పేటెంటు తీసుకున్నాడు. హొరేస్ స్మిత్, డేనియల్ వెస్సన్ అనే ఇద్దరు దాన్ని పట్టుకున్నారు, తుపాకికి పావు డాలరు చొప్పున ఇస్తామన్నారు. 1857లో వాళ్ల మొదటి రివాల్వరు బయటికొచ్చింది: పాయింట్ 22, ఏడు తూటాలు, జేబు సైజు. ఒప్పందంలో ఒక మెలిక ఉంది. పేటెంటు దొంగిలించినవాళ్ల మీద కోర్టుకు పోవాల్సింది వైటే. అమెరికా అంతర్యుద్ధంలో సిపాయిలు ప్రాణాలతో ఇంటికి చేరితే చాలని ఈ చిన్న రివాల్వర్లు కొనుక్కుంటుంటే, స్మిత్, వెస్సన్ సొమ్ము చేసుకున్నారు, వైట్ కోర్టు ఖర్చులు కట్టుకున్నాడు. 1869లో పేటెంటు గడువు తీరింది, పొడిగించమన్నా ఒప్పుకోలేదు. చిన్న తుపాకి చరిత్రలో మోసపోయినవాళ్ల పట్టీ రాస్తే మొదటి పేరు ఈయనదే.

ఫ్రాన్సులో గాలాన్ 1890ల్లో చేసిన ‘వెలో-డాగ్’ రివాల్వరు గురించి ఒక్క మాట. సైకిలు తొక్కేవాళ్ల వెంటపడే కుక్కల కోసం చేసినది అది. రాత్రి పది దాటాక బర్గూరు సందుల్లో మోటారు సైకిలు మీద పోయేవాళ్లకు గాలాన్ బాధ చక్కగా అర్థమవుతుంది.

ఇక అసలు మనిషి. అమెరికాలో యూటా రాష్ట్రం ఆగ్డెన్ ఊరి తుపాకుల పనివాడి కొడుకు జాన్ మోజెస్ బ్రౌనింగ్. ఆయన ఆలోచనలు అమెరికాలో అమ్ముడుపోతున్నా, జేబు పిస్తోలుకు తలుపు తెరిచింది బెల్జియం. లియేజ్ పక్కన హెర్‌స్టాల్‌లో 1889లో పుట్టిన ఎఫ్.ఎన్. కార్ఖానా మొదట మౌజర్ రైఫిళ్లు చేసేది. దాని మనిషి హార్ట్ బెర్గ్ 1897లో అమెరికా పోయి బ్రౌనింగ్‌ను కలిశాడు. ఆ కలయికలోంచి 1899 నాటికి పాయింట్ 32 ఆటోమేటిక్ తూటా, దానికి తగిన పిస్తోలు వచ్చాయి.  1906లో అదే కార్ఖానా నుంచి ఇంకా చిన్నది, పాయింట్ 25 తూటాది. నాలుగున్నర అంగుళాల పొడవు, 350 గ్రాముల పైచిలుకు బరువు, ఆరు తూటాలు. కోటు లోపలి వేస్ట్‌కోటు జేబుకు సరిగ్గా సరిపోతుంది. రెండేళ్లకు కోల్ట్ దాన్నే అమెరికాలో చేయసాగింది.

ఇక్కడ కాస్త యంత్రంలోకి దిగాలి, మన మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. తూటా పేలినప్పుడు వాయువు గుండును ముందుకు తోస్తుంది, అదే బలంతో ఖాళీ గుల్లను వెనక్కీ తోస్తుంది. వెనుక అడ్డంగా ఉన్నది ఒక ఉక్కు తొడుగు, దాన్ని పట్టి ఉంచే ఒక స్ప్రింగు. గుల్ల ఆ తొడుగును వెనక్కి నెట్టుకుంటూ బయటికి ఎగిరిపోతుంది. స్ప్రింగు తొడుగును మళ్లీ ముందుకు తోస్తూ కొత్త తూటాను గొట్టంలోకి ఎక్కిస్తుంది. తాళాలు లేవు, లంకెలు లేవు, అందుకే అది అంత పల్చగా, చవకగా వచ్చింది. అయితే గుండు గొట్టం దాటకముందే తొడుగు తెరుచుకుంటే వాయువు కాల్చేవాడి ముఖానికే తగులుతుంది. బలమైన తూటా వేయాలంటే తొడుగు బరువైనా పెరగాలి, గొట్టానికి తాళమైనా వేయాలి. రెండిట్లో ఏది చేసినా జేబులో పట్టదు. ఈ పిస్తోలు చిన్నదిగా ఉండాలంటే తూటా బలహీనంగా ఉండి తీరాలి. బ్రౌనింగ్‌కు ఇది బాగా తెలుసు. పాయింట్ 22 తూటా ఉండగా పాయింట్ 25ను కొత్తగా చేయడానికి కారణం బలం కాదు, నమ్మకం. పాయింట్ 22 గుల్లకు అడుగున అంచు ఉబ్బి ఉంటుంది, మ్యాగజైన్‌లో ఒకదాని అంచు ఇంకోదానికి చిక్కుకుంటుంది, అంచులో పూసిన మందు అప్పుడప్పుడూ పేలదు. పాయింట్ 25 గుల్లకు అంచు నామమాత్రం, అది నడిమధ్య టోపీతో పేలుతుంది.

గుండు బరువు మూడు గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు 230 మీటర్ల చుట్టుపక్కల. సైన్యం వాడే 9 ఎంఎం తూటా శక్తి దీనికి అయిదింతల పైనే. ప్రాణం తీయలేదని కాదు, తీస్తుంది. ఎదుటివాడు ఆగడమే కావాలి, చావడం కాదు, ఆ ఆగడానికే హామీ లేదు. చేతి తుపాకి దెబ్బ ఎంత నమ్మరానిదో మద్రాసు చూసింది. 1967 జనవరి 12న రామాపురం ఇంట్లో నటుడు ఎం.ఆర్.రాధా దగ్గర నుంచే సాటి నటుడు ఎం.జి.ఆర్.ను కాల్చి, తనను కూడా కాల్చుకున్నాడు. గుండు ఎం.జి.ఆర్. మెడలో దిగింది. ఇద్దరూ బతికారు; ఎం.జి.ఆర్. ఆసుపత్రి మంచం మీద నుంచే ఎన్నిక గెలిచాడు, గొంతు మాత్రం మారిపోయింది.

బ్రౌనింగ్ పిస్తోళ్లు మన దేశానికి ఆత్మరక్షణ కోసమే రాలేదు. 1909లో లండన్ ఇండియా హౌస్ నుంచి సావర్కర్ ఇరవై పిస్తోళ్లను చతుర్భుజ్ అమీన్ అనే వంటమనిషి పెట్టె దొంగ అడుగులో పెట్టి బొంబాయి పంపాడు. ఆ ఏడు డిసెంబరు 21న నాసిక్‌లో నాటకం చూడ్డానికి వచ్చిన కలెక్టరు జాక్సన్‌ను అనంత కన్హేరే వాటిలో ఒకదానితో కాల్చాడు. మన దక్షిణాన 1911 జూన్ 17న మణియాచ్చి జంక్షన్‌లో రైలు పెట్టెలో కూర్చున్న తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ను వాంచినాథన్ కాల్చింది కూడా బెల్జియం బ్రౌనింగే. మూడేళ్లకు 1914 జూన్ 28న సరయెవోలో గావ్రిలో ప్రిన్సిప్ చేతిలో ఉన్నది అదే కార్ఖానా పిస్తోలు, 1910 మోడల్. ఆగ్డెన్ పనివాడు బ్రౌనింగ్ ఇదంతా ఊహించి ఉండడు. ఆయన 1926లో లియేజ్ కార్ఖానాలోనే, పనిబల్ల దగ్గరే గుండె ఆగి పోయాడు.

వాంచినాథన్ చేతికి పిస్తోలు దొంగదారిన రావాల్సి వచ్చింది ఎందుకంటే, 1878లో వైస్రాయి లిట్టన్ తెచ్చిన ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసింది, తెల్లవాళ్లను దాని నుంచి తప్పించింది. అంతటితో ఆగలేదు. సైన్యం తుపాకుల్లో పట్టే తూటాలు జనం దగ్గర ఉండకూడదన్నది ఆనాటి ఇంకో భయం. 1900ల్లో పాయింట్ 450 తూటాలను ఇండియాలో నిషేధిస్తే, పులుల వేటకు వచ్చే దొరల కోసం లండన్ తుపాకుల కంపెనీలు పాయింట్ 470 వంటి కొత్త కొలతలు పుట్టించాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959 ఆయుధ చట్టం 1962 నుంచి అమలులోకి వచ్చింది, అందులో తెల్ల–నల్ల తేడా లేదు, తూటాల భయం మాత్రం ఉండిపోయింది. పోలీసులు, సైన్యం వాడే 9 ఎంఎం లాంటివి నిషిద్ధ కొలతలు. మామూలు మనిషికి చేతి తుపాకిలో మిగిలింది ముఖ్యంగా పాయింట్ 32, పాయింట్ 22, పాయింట్ 25 లాంటివి. వేరే దేశాల్లో జేబు కొలత చూసి తుపాకి చేశారు, మన దగ్గర చట్టం కొలత చూసి చేశారు.

1980ల నడిమిలో విదేశీ తుపాకుల దిగుమతి మామూలు జనానికి మూసేశారు. ఉన్న వెబ్లీలు, వాల్తర్లు చేతులు మారుతూ బంగారం ధర పలికాయి. ఆ ఖాళీని కాన్పూరు ఆర్డినెన్సు కార్ఖానా పాయింట్ 32 రివాల్వరుతో పూడ్చింది. దాని అస్థిపంజరం పాత ఇంగ్లీషు వెబ్లీదే. 2012 డిసెంబరు ఢిల్లీ బస్సు అత్యాచారం తర్వాత 2014 జనవరిలో కాన్పూరు ఆర్డినెన్సువాళ్లే ఆడవాళ్ల కోసమని ‘నిర్భీక్’ రివాల్వరు తెచ్చారు. టైటానియం మిశ్రమం, అర కిలో బరువు, నగల పెట్టె లాంటి పెట్టె, ధర 1,22,360 రూపాయలు. బస్సులో పోయే ఆడపిల్లకు లక్షా ఇరవై వేల రివాల్వరు ఎవరు కొనిస్తారో చేసినవాళ్లు చెప్పలేదు. నా లెక్కలో ఈ మొత్తం కథలో అన్నిటికన్నా సిగ్గుమాలిన వస్తువు అదే. 2023లో వచ్చిన ‘ప్రబల్’ రివాల్వరు కూడా పాయింట్ 32 గీత దాటలేదు.

కృష్ణగిరి జిల్లాకు తన సొంత తుపాకి వేరే ఉంది. డెంకణికోట, అంచెట్టి అడవి అంచు ఊళ్లలో అడవిపందుల నుంచి రాగిచేను కాపాడుకోవడానికి వాడిన నాటు తుపాకి, మూతిలోంచి మందు కూరేది. లైసెన్సు లేని నాటు తుపాకులు తెచ్చి అప్పగించమని పోలీసులు అప్పుడప్పుడూ ఊళ్లకు చెప్పి పంపుతుంటారు. వింతేమిటంటే 1959 చట్టం పదమూడో సెక్షను మొగ్గేది దాని వైపే. పంటకాపలాకు మూతిమందు తుపాకి, రక్షణకు లేదా వేటకు ఇరవై అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకి అడిగితే, అభ్యంతరాలు లేనప్పుడు ఇవ్వాలంటుంది చట్టం. పిస్తోలు, రివాల్వరు అడిగితే ‘తగిన కారణం’ ఉందని అధికారికి నమ్మకం కలగాలి. పొడవు తుపాకి అందరికీ కనిపిస్తుంది, పొట్టిది కనిపించదు. 1517లో మాక్సిమిలియన్ భయం అదే, ఇప్పుడు కృష్ణగిరి కలెక్టరు కచేరిలో ఫైలు మీద ఉండే భయమూ అదే. పోలీసు విచారణ, తుపాకి పట్టడంలో తర్ఫీదు, ఇంట్లో భద్రంగా పెట్టే చోటు, ఇవన్నీ దాటాలి. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులే. ఎన్నికలు వస్తే స్టేషనులో జమ చేయమనవచ్చు. దొంగలకు మాత్రం ఎన్నికల నియమావళి లేదు, నిజమే.

సరే, ఇవన్నీ దాటి పిస్తోలు జేబులోకి వచ్చిందనుకుందాం. పనికొస్తుందా? బజారులో పాత వ్యాపారుల దగ్గర ఈ మాట ఎత్తితే వినిపించే జవాబు ఇలా ఉంటుంది: “ఏమప్పా, నా దగ్గర తుపాకి ఉండేది తెలిస్తే ఇద్దరు వచ్చేవాళ్లు నలుగురొస్తారు. తెలియకపోతే నేను జేబులో చెయ్యి పెట్టేలోగా వాడు వెనుక నుంచి కొట్టేసి ఉంటాడు.” పరిశోధన కూడా ఈ పాత వ్యాపారుల పక్షమే. అమెరికాలో కింగ్ కౌంటీలో 1978 నుంచి 1983 దాకా తుపాకి ఉన్న ఇళ్లలో జరిగిన చావులను కెల్లర్‌మన్, రే అనే వైద్యులు లెక్కగట్టి 1986లో ప్రచురించారు. ఆత్మరక్షణలో ఒకరు చస్తే, ఆత్మహత్య, హత్య, పొరపాటు పేలుడు కలిపి 43 చావులు. దొంగను చంపకుండా బెదిరించి తరిమిన సందర్భాలు ఆ లెక్కలో లేవని తుపాకి పక్షంవాళ్లు వాదిస్తారు, ఆ వాదంలో కొంత న్యాయం ఉంది. అయినా 43 చిన్న అంకె కాదు.

కాల్చాక ఉండే చిక్కు వేరు. 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు, అవసరానికి మించి హాని చేసే హక్కూ లేదు. సంచి లాక్కుని పారిపోయేవాడి వీపు మీద కాల్చినవాడు రక్షించుకున్నవాడు కాడు, ముద్దాయి.

ఆయుధం ఉన్న దొంగను నిజంగా ఏం పట్టిస్తుందో మన జిల్లాలోనే చూశాం. 2021 జనవరి 22న హోసూరు బాగలూరు రోడ్డులో బంగారం తాకట్టు శాఖలోకి పిస్తోళ్లతో దూరిన ముఠా సిబ్బందిని బెదిరించి దాదాపు 25 కిలోల నగలు ఎత్తుకుపోయింది. నగల సంచిలో జి.పి.ఎస్. పరికరం ఒకటి ఉంది. అది చెబుతూ పోయింది, తమిళనాడు, కర్ణాటక, తెలంగాణ పోలీసులు ఒకరికొకరు మాట అందించుకున్నారు. మర్నాడే హైదరాబాదు శివార్లలో దొంగలు దొరికారు, బంగారమూ దొరికింది. లోపల ఉన్న ఒక్కరి జేబులో పాయింట్ 25 ఉండి ఉంటే ఆ పొద్దు శవాలు లేచేవేమో గానీ బంగారం ముందుగా దొరికేది కాదు.

అందుకని బర్గూరు వ్యాపారికి జేబు పిస్తోలు కొనమని నేను చెప్పను. కానీ కొన్ని ఇళ్లలో అది ముందే ఉంది. తాతల కాలం వెబ్లీయో, కాన్పూరు రివాల్వరో, బీరువా అడుగు అరలో గుడ్డ చుట్టి, లైసెన్సు పొందినాయన పోయాక ఎవరూ ముట్టుకోకుండా. అలాంటిది మీ ఇంట్లో ఉంటే అది ఆస్తి కాదు, కేసు. ఆయుధ చట్టం 21వ సెక్షను ప్రకారం దాన్ని దగ్గరి పోలీసు స్టేషనులోనో లైసెన్సున్న తుపాకుల వ్యాపారి దగ్గరో జమ చేసి రసీదు తీసుకోండి. ఉంచుకోవాలనుకుంటే 2016 నిబంధనల కింద వారసులు తమ పేరు మీద లైసెన్సుకు కృష్ణగిరి కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ వారంలోనే చేయండి, అంతదాకా పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి, తూటాలు వేరే పెట్టెలో.